కాలువ చివర ఖాళీ స్థలం

ఇరుగుపొరుగు కాలనీలు కలిసి వస్తేనే నగరం సాయం చేస్తుంది. నేను పదవీ విరమణ చేసేదాకా పనిచేసిన పథకం సారాంశం ఇంతే. ఒక కాలనీవాళ్ళు వచ్చి మా వీధికి దీపాలు కావాలంటే మా దగ్గర కుదరదు. పక్క బస్తీనో, ఎదురు కాలనీనో వెంటబెట్టుకుని రావాలి. ఇద్దరికీ పనికొచ్చే పని ఒకటి చూపించాలి. ఖర్చులో ఎక్కువ భాగం నగరం పెట్టుకుంటుంది. మిగతాది వాళ్ళు శ్రమగానో, సామానుగానో, దగ్గరుండి పని చూసుకోవడంగానో ఇవ్వాలి.

నా ఉద్యోగం పేరు కమ్యూనిటీ ఆర్గనైజర్. పేరు పెద్దదే గానీ చేసే పని చెప్పులరిగేలా తిరగడం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నేను ఎక్కని మెట్లు, కొట్టని తలుపులు లేవనుకునేదాన్ని. అలా అనుకోవడం ఎంత తప్పో ఈ కింద రాస్తున్నాను.

ఈ మధ్య ఇదే ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "ఫైళ్ళన్నీ చదివాను మేడం, అయినా రేపు పొద్దున బస్తీలోకి వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియడం లేదు" అంది. అది ఫైళ్ళలో ఉండదు, నేను రాసిస్తానన్నాను. తీరా కూర్చున్నాక నాకు మొదట నా గొప్పలే గుర్తొచ్చాయి. పార్కులు, మెట్లు, బోర్లు, మా ఫోటోలు. రెండు రోజులు రాసి చించేశాను. నన్ను ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేసే పని ఒకటే ఉంది. దాని గురించి రాస్తేనే ఆ అమ్మాయికి ఉపయోగం.

ఊళ్ళ పేర్లు ఉన్నవి ఉన్నట్టే రాశాను. కాలనీల పేర్లు, మనుషుల పేర్లు మార్చాను. నా పేరు ఎస్తేరు. మాది నల్గొండ వైపు ఊరు. ఈ కథలో నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ, అందరికీ నేను మేడమ్‌నే.

ఒక తలుపు, రెండు తాళాలు

ముందుగా నాకు తప్పుడు పాఠం నేర్పిన సంగతి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు అపార్టుమెంట్ల సంఘాలు కలిసి ఒక చదువుల గది అడిగాయి. కోచింగుల కోసం వచ్చి ఇరుకు హాస్టళ్ళలో ఉండే పిల్లలు కూర్చుని చదువుకోవడానికి. చక్కటి ఆలోచన. గది కట్టాం, బల్లలు వేయించాం. ప్రారంభం రోజున మా అధికారులతో వెళ్తే తలుపుకి రెండు తాళాలు వేలాడుతున్నాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద రెండు సంఘాలకీ పడలేదు. ఒకరు తాళం వేస్తే, దాని మీద ఇంకొకరు తమ తాళం వేశారు. నాలుగు నెలల పాటు ఆ గదిలోకి ఒక్క పిల్లవాడు అడుగు పెట్టలేదు.

అప్పటి మా పెద్ద అధికారి నన్ను గదిలోకి పిలిచి ఒకే మాట చెప్పారు. "మీటింగులో గొడవ జరిగిందంటే నువ్వు ఫెయిలైనట్టు. గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. ఆ రోజు నుంచి గొడవ మొలకెత్తే ముందే దాన్ని తుంచేయడంలో ఆరితేరాను. ఎవరైనా గొంతు పెంచితే టీ తెప్పించడం, మాట మార్చడం, "అది తర్వాత చూద్దాం" అనడం. నా మీటింగులు చాలా ప్రశాంతంగా జరుగుతాయని ఆఫీసులో పేరొచ్చింది. అంతకన్నా చెడ్డ పాఠం నా ఉద్యోగంలో ఎవరూ నాకు నేర్పలేదు. ఆ సంగతి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

శాంతివనం, లక్ష్మమ్మ బస్తీ

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు ధర్నా, ఎల్లుండి ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు. విజయవాడ వెళ్ళే బస్సులు ఎప్పుడు ఆగుతాయో, ఎప్పుడు కదులుతాయో తెలియదు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఆంధ్ర అన్న మాట ఉన్నచోట నల్లరంగు పడేది.

కొత్తపేట దాటాక ఒక వాలులో పైన శాంతివనం కాలనీ, దాన్ని ఆనుకుని కింద లక్ష్మమ్మ బస్తీ. శాంతివనంలో ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళు కట్టుకున్న ఉద్యోగులు. బస్తీలో మా నల్గొండ ఊళ్ళ నుంచి వచ్చిన ఆటోవాళ్ళు, మేస్త్రీలు, టైలర్లు. రెండింటి మధ్య మట్టి వరద కాలువ. చెత్త వేసేది బస్తీవాళ్ళని కాలనీ అనేది. మురుగు వదిలేది కాలనీవాళ్ళని బస్తీ అనేది. రెండూ నిజమే.

శాంతివనం సంఘానికి అధ్యక్షుడు సుబ్బారావు గారు. గుడివాడ దగ్గరి మనిషి, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. స్కూటర్ మీద కృష్ణా జిల్లా నంబరు ఉందని ఆ రోజుల్లో దానికి కవరు కప్పేసి నడిచే తిరిగేవారు. బస్తీ పెద్ద యాదగిరి. దేవరకొండ నుంచి లారీ క్లీనరుగా వచ్చి, ఎల్బీనగర్‌లో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు. మెడలో ఎప్పుడూ ఉద్యమ కండువా ఉండేది. బంద్ పిలుపొస్తే ముందుండేది అతనే.

ఒక వానాకాలం యాదగిరి కూతురు, సుబ్బారావు గారి భార్య ఒకే వారంలో విషజ్వరంతో ఒకే దవాఖానలో చేరారు. రక్తం ఇచ్చేవాళ్ళ కోసం వరండాలో తిరుగుతూ ఇద్దరూ ఎదురుపడ్డారు. యాదగిరి తన షెడ్డు కుర్రాళ్ళని పిలిచి సుబ్బారావు గారి భార్యకి కూడా రక్తం ఇప్పించాడు. ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఆ తర్వాత నెలకి యాదగిరి, సుబ్బారావు గారు కలిసి మా ఆఫీసుకి వచ్చారు.

బయట రోడ్డు మీద నినాదాలు వినబడుతున్నాయి. నా ఎదురుగా రెండు కుర్చీల్లో వీళ్ళు.

"దోమలకి మనం ఏ ప్రాంతం వాళ్ళమో తెలీదు కదండీ" అన్నారు సుబ్బారావు గారు.

"కాలువ బంద్ జేయాలె మేడం. సిమెంటుతోని కట్టి, పైన బండలు పరవాలె. మా లేబర్ మేమిస్తం" అన్నాడు యాదగిరి.

మా డిప్యూటీ కమిషనర్ సంబరపడ్డారు. "ఈ రోజుల్లో ఇలాంటి పని ఒక్కటి చూపిస్తే చాలు. ఎక్కడా బెడిసికొట్టకుండా చూడండి" అన్నారు. బెడిసికొట్టడమంటే నాకు భయం ముందునుంచీ ఉన్నదే. ఇప్పుడది రెట్టింపయింది. ఈ రెండు కాలనీల మధ్య చిన్న మాట తేడా వచ్చినా అది కాలువ గొడవగా ఉండదు, ప్రాంతాల గొడవ అయిపోతుంది.

నడిచి చూసిన రోజు

మా ఇంజనీరు, నేను ఆ కాలువ వెంట మొదటి నుంచి చివరిదాకా నడిచాం. బస్తీ హద్దు దాటాక కాలువ ఒక మైదానంలో పరుచుకునేది. చెత్తా, తుప్పలూ అడ్డుపడి నీళ్ళు అక్కడికి మెల్లగా చేరి ఇంకిపోయేవి. మైదానం అంచున పన్నెండో పదమూడో రేకుల ఇళ్ళు. రాళ్ళు కొట్టుకునేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసుకునేవాళ్ళు. పగలు కాబట్టి అన్నింటికీ గొళ్ళాలు పెట్టి ఉన్నాయి. ఒక్క ఇంటి తలుపే తెరిచి ఉంది.

దాహమై గుమ్మం ముందు నిలబడి పిలిచాను. లోపల మంచం మీద ఒక ముసలామె ఉంది. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి.

"లేవరాదు బిడ్డా. కుండల నీళ్ళున్నయ్, ముంచుకోని తాగు" అంది.

నేనే లోపలికి వెళ్ళి ముంచుకుని తాగాను. ఆమెకీ ఒక గ్లాసు అందించాను. బిడ్డ పనికి పోయిందని చెప్పింది.

ఆఫీసుకి వచ్చి దరఖాస్తుతో జతచేసే పటం గీశాను. అందులో భాగస్వాములుగా రాయాలంటే రిజిస్టరైన సంఘం ఉండాలి. ఆ ఇళ్ళకి సంఘం లేదు, కాలనీ అన్న పేరు లేదు. శాంతివనం ఒక గడి, లక్ష్మమ్మ బస్తీ ఒక గడి. కాలువ చివర ఒక గీత గీసి, దాని పక్కన నా చేత్తో నేనే "ఖాళీ స్థలం" అని రాశాను.

ఇది అబద్ధమని రాస్తున్నప్పుడు నాకు అనిపించలేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే మీలో ఎవరూ ఇలా చేయరని మీకు అనిపిస్తుంది చూడండి, అందుకే చెప్తున్నాను. గంట క్రితం ఆ ఇంటి కుండలో నీళ్ళు తాగి వచ్చిన మనిషినే నేను.

గొడవ జరగని మీటింగు

శాంతివనం సంఘం గదిలో ఉమ్మడి మీటింగు పెట్టాం. అరవై మంది దాకా వచ్చారు. బస్తీ ఆడవాళ్ళు ఒక పక్క, కాలనీ ఆడవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. మధ్యలో నేను. కాలువ ఎంత వెడల్పు, పైన బండలు ఎలా పరవాలి, ఎవరు ఏ రోజు పనికి రావాలి అన్నీ గంటలో తేలిపోయాయి. ఎవరూ గొంతు పెంచలేదు.

సుబ్బారావు గారింట్లో పనిచేసే బాలమణి అందరికీ టీ ఇస్తోంది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. ట్రే పట్టుకుని నా ముందుకి వచ్చి ఆగింది.

"మేడం, గీ నీళ్ళు ఎటు పోతయ్?" అంది.

సుబ్బారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. యాదగిరి ఫోన్‌లోకి చూస్తున్నాడు. ఎవరో ఒకరు జవాబు చెప్తే, ఇంకొకరు కాదంటే, అక్కడితో మీటింగు పోతుందని నాకనిపించింది.

"అవన్నీ ఇంజనీర్లు చూసుకుంటారమ్మా" అన్నాను నవ్వుతూ. "నువ్వు టీ ఇవ్వు, చల్లారిపోతోంది."

ఆమె ట్రేతో పక్క వరసకి కదిలింది. తీర్మానం మీద అందరూ సంతకాలు పెట్టారు. నా ఉద్యోగ జీవితంలో అంత సాఫీగా జరిగిన మీటింగు ఇంకొకటి లేదు.

ఎండాకాలమంతా పని నడిచింది. బంద్ రోజున ఆటోలు తిరగవు కాబట్టి బస్తీవాళ్ళు ఆ రోజుల్లో ఎక్కువ మంది వచ్చేవాళ్ళు. కాలనీ నుంచి రిటైరైన గుమస్తాలు, బ్యాంకువాళ్ళు లుంగీలు ఎగ్గట్టి తట్టలు మోశారు. కాలనీ ఆడవాళ్ళు పులిహోర చేసి తెస్తే, బస్తీ ఆడవాళ్ళు సర్వపిండి తెచ్చారు. ఒకరోజు రాష్ట్రం గురించి వాదన మొదలవబోతే నేనే చేతులు జోడించి ఆపేశాను. బండల మీద రెండు కాలనీలవాళ్ళు వరసగా నిలబడిన ఫోటో పేపర్లో వచ్చింది. మా డిప్యూటీ కమిషనర్ దాన్ని తన గదిలో గోడకి అంటించుకున్నారు. నేనూ ఒక కాపీ కత్తిరించి దాచుకున్నాను.

మధ్యాహ్నం మూడింటి వాన

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం మూడు గంటలకి మబ్బు పట్టి వాన మొదలైంది. భీకరమైన వాన ఏమీ కాదు. అంతకు ముందు ఏటా అలాంటివి నాలుగైదు చూసినవాళ్ళమే. నాలుగు కాకముందే యాదగిరి ఫోన్ చేశాడు.

"మేడం, జల్ది రాండ్రి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ గొంతు అతనిదిలా లేదు.

షేర్ ఆటో దిగి మోకాళ్ళ దాకా చీర ఎత్తుకుని వెళ్ళాను. శాంతివనంలో నీళ్ళు లేవు. బస్తీలో కూడా లేవు. కొత్త బండల కింద నుంచి మాత్రం హోరు వినబడుతోంది. కాలువ ముగిసిన చోట నిలబడి చూశాను. సిమెంటు గోడల మధ్య నుంచి నీళ్ళు తుపాకీ గుండులా వస్తున్నాయి. అడ్డం లేదు, చెత్త లేదు, తుప్పలు లేవు. ఆగి ఇంకే అవకాశమే లేదు. నేరుగా మైదానం దాటి ఆ రేకుల ఇళ్ళలోకి కొడుతున్నాయి. రెండిళ్ళ గోడలు అప్పటికే పడిపోయాయి. అల్యూమినియం గిన్నెలు, ఒక స్కూలు బ్యాగు, కోడిపిల్లల గంప తేలుతున్నాయి.

ఆ నీళ్ళలోంచి నలుగురు ఒక తలుపు చెక్కను భుజాల మీద మోసుకుని వస్తున్నారు. ముందు యాదగిరి, అతని పక్కన బస్తీవాడొకడు. వెనక ఒక పక్క బాలమణి. ఇంకో పక్క డెబ్బై ఏళ్ళ సుబ్బారావు గారు, ఛాతీ దాకా తడిసి. చెక్క మీద నాకు కుండలో నీళ్ళు తాగమన్న ఆ ముసలామె ఉంది.

ఆమె బాలమణి తల్లి. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

బాలమణి సుబ్బారావు గారింట్లో గిన్నెలు తోముతుండగా వాన మొదలైందట. మొదటి ఉరుముకే గిన్నె వదిలేసి పరుగెత్తింది. ఎందుకు పరుగెత్తుతోందో అడక్కుండానే సుబ్బారావు గారు వెంట పరుగెత్తారు. తలుపు తోసేసరికి నీళ్ళు మంచం పట్టీ దాటాయి. ముసలామె ఆడే ఒక్క చేత్తో దూలానికి కట్టిన బట్టల తాడు పట్టుకుని ఉంది. అరవలేదట. అరిచే ఓపిక తాడు పట్టుకోవడానికి దాచుకున్నానని తర్వాత చెప్పింది.

నేను దగ్గరికి వెళ్ళి చెక్క అంచు పట్టుకోబోయాను. బాలమణి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. అంతకంటే ఘోరమైనది ఉంది, ఆశ్చర్యం.

"నేను అడిగిన గద మేడం" అంది.

మీటింగు రోజు ఆమె మా గదిలోనే ఉంది. నా ముందే నిలబడి అడిగింది. ఆ గదిలో అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న ఆమె అడిగితే, నేను టీ ఇవ్వమన్నాను.

ఆ సాయంత్రం దవాఖాన వరండాలో సుబ్బారావు గారు నా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఎవరో ఇచ్చిన తువ్వాలు కప్పుకుని ఉన్నారు.

"ఎస్తేరు గారూ, నలభై ఏళ్ళు నీళ్ళతోనే బతికినవాణ్ణండి నేను" అన్నారు నెమ్మదిగా. "సిమెంటు చేస్తే వేగం పెరుగుతుందని నాకు తెలీదంటారా? ఆ పిల్ల అడిగినప్పుడే చెప్పాలి. చెబితే, అదిగో ఆంధ్రావాడు పని ఆపుతున్నాడు అంటారేమోనని భయపడ్డాను. మీరు ఆ మాట దాటేశారు చూశారా, అప్పుడు నాకు హాయిగా అనిపించిందండి. అది ఒప్పుకోవాలి."

ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డ యాదగిరి తల ఎత్తలేదు.

"నాకు గూడ ఎరుకే సార్" అన్నాడు. "ఆళ్ళ ఇండ్ల ముంగటనే గద సిమెంటు పోసినం. నేను అంటే మీరు పరేషానై ఎనకకు పోతరనుకున్న. మా బస్తీకి కాలువ రాకుంట పోతదని."

నేను ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. ఆ రోజుల్లో రోడ్డు మీద ఏ విషయంలోనూ ఒక్కటి కాలేని రెండు పక్షాలు. మేం ముగ్గురం ఒకరిని ఒకరు నొప్పించకుండా జాగ్రత్తపడ్డాం. ఎంత జాగ్రత్తపడ్డామంటే, నీళ్ళు ఎవరి ఇంట్లోకి పోతాయో ముగ్గురికీ తెలిసీ, ముగ్గురమూ అనలేదు. పేపర్లో పడిన ఐకమత్యం ఇదేనా అనిపించింది. లేచి బయటికి వెళ్ళాను.

నేను రాసిన వాక్యం

మర్నాడు డిప్యూటీ కమిషనర్ పిలిచారు. ఆయన కఠినుడు కాదు. మనుషుల్ని నానా మాటలూ అనే అధికారి కాదు. ఆయన కూడా భయపడ్డారు, అంతే.

"ఇది బయటికొస్తే ఎవరికి దొరికింది వాళ్ళు వాడుకుంటారమ్మా. ఆంధ్రా కాలనీ నీళ్ళు తోస్తే తెలంగాణ గుడిసెలు మునిగాయని ఒకళ్ళంటారు. ఇంకొకళ్ళు ఇంకోటి అంటారు. అసాధారణ వర్షం అని రాయండి. ప్రాణనష్టం లేదు కదా."

రాశాను. దాచడం లేదు, రాశాను. వర్షం అసాధారణమని, ప్రాణనష్టం లేదని, నిర్మించిన కాలువ సక్రమంగా పనిచేసిందని. టైపు చేయించి సంతకం పెట్టి, కాపీ సంచిలో పెట్టుకుని దవాఖానకి వెళ్ళాను. ముసలామెకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. బాలమణి పక్కన నేల మీద కూర్చుని ఉంది. నా సంచిలో కాగితం చూసింది.

"మా సంగతి రాసిన్రా మేడం?" అంది. "జర సదివి ఇనిపియ్యున్రి."

తప్పించుకోవచ్చు. ఆఫీసు కాగితమని చెప్పొచ్చు. ఎందుకో ఆ రోజు తప్పించుకునే బలం లేకపోయింది. చదివాను. మూడో వాక్యానికి ఆమె తలూపింది.

"అవు మేడం" అంది. "కాలువ మంచిగనే పని జేసింది. ఒక్క సుక్క గూడ కాలనీ దిక్కు, బస్తీ దిక్కు పోలే."

ఎత్తిపొడుపు కాదది. ఆమె నిజంగా ఒప్పుకుంటోంది. నా మూడో వాక్యంలో ఒక్క అబద్ధం లేదు. పటంలో ఖాళీ స్థలం అని రాసినప్పుడు కూడా ఇలాగే, ఏదీ తప్పుగా అనిపించలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంకో నివేదిక రాశాను. ఆ స్థలం ఖాళీ కాదని, అక్కడి మనుషుల్ని చూసి కూడా నేనే అలా రాశానని, మీటింగులో వాళ్ళ మనిషి అడిగితే నేనే ఆపానని. డిప్యూటీ కమిషనర్ రెండుసార్లు చదివారు. "ఇది మీ మెడకే చుట్టుకుంటుంది, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. ఆయన లేచి గోడ మీది ఫోటో తీసి డ్రాయరులో పెట్టారు. మొదటి కాగితం చింపి నా చేతికిచ్చారు. ఆ తర్వాత నా మీద ఏ చర్య తీసుకున్నారన్నది ఇక్కడ అనవసరం.

అరుపుల మీటింగులు

కాలువని మైదానం కింద నుంచి, అవతల పారే పెద్ద మురుగు నాలా దాకా పైపుతో కలపాలి. దానికి కొత్తగా వేసిన బండలు కొన్ని పగలగొట్టాలి. మళ్ళీ ఉమ్మడి దరఖాస్తు, ఈసారి ఆ రేకుల ఇళ్ళవాళ్ళతో కలిపి మూడు గుంపుల పేర్లతో. సంఘం లేదన్న అడ్డంకిని డిప్యూటీ కమిషనరే తీసేశారు. ఇంటికొకరు వేలిముద్ర వేస్తే చాలన్నారు.

మీటింగు మా ఇండ్ల కాడ పెడితేనే వస్తామంది బాలమణి. అక్కడే పెట్టాం. కుర్చీలు లేవు. ఇళ్ళ గోడల మీద నీటి మరక నడుము ఎత్తున ఉంది. దాని పక్కనే అందరూ నిలబడ్డారు.

మొదటి పావుగంటకే రచ్చ మొదలైంది. కట్టిందాన్ని పగలగొట్టడమేంటండీ అని శాంతివనం నుంచి ఒకాయన. మీ మురుగు గాకపోతే గీ కాలువ ఎందుకని బస్తీ నుంచి ఒకామె. వెనకనుంచి ఎవరో "వచ్చినోళ్ళు వచ్చిన తొవ్వనే పోవాలె" అన్నారు. ఇంకెవరో ఇరవై ఐదేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాం, మా చెమట లేదా ఈ ఊళ్ళో అన్నారు. నా చెయ్యి అలవాటుగా పైకి లేచింది, ఆపడానికి. బలవంతంగా దించుకున్నాను.

రెండు గంటలు అరుచుకున్నారు. రాష్ట్రం, నీళ్ళు, ఉద్యోగాలు, అవమానాలు, అన్నీ వచ్చాయి. నేను వింటూ నిలబడ్డాను. నా ఉద్యోగంలో అంత భయపడింది ఎప్పుడూ లేదు. చివరికి అరిచి అరిచి అలిసిపోయాక, రాళ్ళు కొట్టే ఒకతను లేచి మైదానం ఎటు వాలుగా ఉందో కాలితో గీసి చూపించాడు. సుబ్బారావు గారు వంగి ఆ గీత చూసి, "కాదు బాబూ, ఇటు రెండడుగులు జరపాలి" అన్నారు. అతను కాదన్నాడు. ఆయన మళ్ళీ చూసి, "నువ్వన్నదే సరి" అన్నారు. అక్కడి నుంచి పని మాటలు మొదలయ్యాయి.

అలాంటి మీటింగులు ఆరు జరిగాయి. ఒక్కటీ ప్రశాంతంగా ముగియలేదు. మూడోదాంట్లో యాదగిరి, సుబ్బారావు గారు పది రోజులు మాట్లాడుకోనంతగా పోట్లాడుకున్నారు. నాలుగోదానికి ఇద్దరూ వచ్చారు. పైపు మాత్రం సరైన చోట పడింది.

కొత్తగా వచ్చే మీకు నేను చెప్పగలిగింది ఇదే. ఎవరూ గొడవపడని మీటింగు చూస్తే, ఆ గదిలో లేనిదెవరో వెతకండి. ఉన్నా మాట్లాడనిది ఎవరో వెతకండి. మీ పటంలో ఖాళీ అని రాయాల్సి వచ్చిన ప్రతిచోటికీ ఇంకోసారి వెళ్ళి రండి. ఇద్దరు కలిశారంటే మంచే జరుగుతుందని నమ్మకండి. ఇద్దరు కలిసి మూడోవాడి మీద పడటం కూడా కలయికే.

తర్వాతి వానలు

పైపు వేశాక వచ్చిన మొదటి పెద్ద వానకి నేను మైదానంలోనే ఉన్నాను. ఒక్క ఇంటి గడప కూడా తడవలేదు. తర్వాతి వానలకీ అంతే. పడిపోయిన గోడలు మూడు గుంపులవాళ్ళూ కలిసి లేపారు. ముసలామె నెమ్ము తగ్గి ఇంటికొచ్చింది.

ఆ వానాకాలం చివర్లో ఒక రోజు మబ్బు పట్టింది. నేను శాంతివనంలో ఏదో పని మీద ఉన్నాను. బాలమణి తల్లిని వీపు మీద ఎత్తుకుని, కింద మైదానం నుంచి ఎత్తుగా ఉన్న చడావు ఎక్కి వస్తోంది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. సుబ్బారావు గారి భార్య అప్పటికే వరండాలో చాప పరిచి ఉంచారు. ముసలామెని దాని మీద పడుకోబెట్టి, బాలమణి గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటోంది. మబ్బు పట్టిన ప్రతిసారీ ఇలాగే తెస్తుందని సుబ్బారావు గారి భార్య చెప్పారు.

నేను బాలమణి పక్కన కూర్చున్నాను.

"ఇంక నీళ్ళు రావు కదా బాలమణీ. పైపు బాగానే పని చేస్తోంది. ఇంత చడావు ఎందుకు మోసుకొస్తున్నావు?" అన్నాను.

ఆమె తల్లి కాళ్ళ మీద చీర సర్దింది. నొప్పించాలని కాదు, అడిగినదానికి జవాబుగా చెప్పింది.

"పైపు ఏసింది మీరే గద మేడం" అంది. "మీరు మంచోళ్ళే. గప్పుడు గూడ మంచోళ్ళే."